ఎడమ గ్రంథా, కుడి గ్రంథా? కోతకు ముందు చూడవలసిన అంకె

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో ఒకదానికి విడిగా, కొంచెం వివరంగా జవాబు రాయక తప్పదనిపించింది. కోస్తా జిల్లాలోని ఒక చిన్న ఊరి నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

"డాక్టరు గారికి నమస్కారములు. మా వారికి 46 ఏళ్ళు. ఆరేళ్ళుగా రక్తపు పోటు ఉంది. మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా 160/100 కంటె తగ్గడం లేదు. కాళ్ళు పీకుతాయంటారు. రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేస్తారు. రక్తంలో పొటాషియం తక్కువగా ఉందన్నారు. స్కాన్ తీస్తే ఎడమ మూత్రపిండం పైన ఉన్న గ్రంథిలో చిన్న గడ్డ కనిపించింది. అది తీసేస్తే పోటు తగ్గవచ్చునట. అయితే ముందు రెండు గ్రంథుల నుంచీ రక్తం తీసి చూడాలని పట్నం పంపారు. అక్కడ గజ్జలో సూది గుచ్చి, గొట్టం పంపించి రక్తం తీశారు. ఎడమ పక్క హార్మోను చాలా ఎక్కువగా ఉంది. కుడి పక్క రక్తం మాత్రం సరిగా రాలేదని రాశారు. 'ఎడమ పక్క ఎక్కువని తేలింది కదా, ఇంకా ఆలస్యం దేనికి, ఆపరేషన్ చేయించెయ్యండి' అంటున్నారు మా బంధువులు. మళ్ళీ ఆ పరీక్షకు డబ్బు పోయాలా? మీరేమంటారు?"

పరీక్ష కాగితం నకలు కూడా జత చేశారు. మంచి పని చేశారు.

అమ్మా, ముందు జవాబు చెప్పి, తర్వాత కారణం చెబుతాను. ఈ ఒక్క కాగితాన్ని నమ్ముకుని ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. ఎడమ గ్రంథి తప్పు చేస్తున్నదని ఈ కాగితం చెబుతోంది. కుడి గ్రంథి తప్పు చేయడం లేదని మాత్రం చెప్పడం లేదు. ఈ రెండూ ఒకే మాట కావు. మీ వారి ఆపరేషన్ సఫలం కావడం ఆ రెండో మాట మీదే ఆధారపడి ఉంది.

ఏమిటీ గ్రంథులు?

మన రెండు మూత్రపిండాల మీద టోపీలు పెట్టినట్టు రెండు చిన్న గ్రంథులున్నాయి. ఎడ్రినల్ గ్రంథులంటారు వీటిని. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాముల బరువు. ఇవి తయారుచేసే హార్మోనులలో ఆల్డోస్టిరోన్ ఒకటి. శరీరంలో ఉప్పును నిలిపి ఉంచి, పొటాషియాన్ని మూత్రంలోకి తోసెయ్యడం దీని పని. మామూలుగా ఇది సొంత పెత్తనం చెయ్యదు. మూత్రపిండాలు రెనిన్ అనే పదార్థం ద్వారా కబురు పంపితేనే పని మొదలుపెడుతుంది. శరీరంలో ఉప్పు, నీరు చాలినంత ఉంటే ఆ కబురు ఆగిపోతుంది.

కొందరిలో ఈ గ్రంథి కబురు రాకుండానే ఆల్డోస్టిరోన్‌ను తయారుచేసి పోస్తూ ఉంటుంది. ఉప్పు నిలిచిపోయి పోటు పెరుగుతుంది. పొటాషియం పోయి కండరాలు నీరసిస్తాయి, పిక్కలు పట్టేస్తాయి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ జెరోమ్ కాన్ 34 ఏళ్ళ ఒక స్త్రీలో ఈ జబ్బును గుర్తించి, 1955లో వైద్య లోకానికి వివరించారు. ఆమె ఎడ్రినల్‌లోని గడ్డ తీసేస్తే పోటూ తగ్గింది, పొటాషియమూ సరిపడింది. అప్పటి నుంచి దీనికి కాన్ జబ్బు అని పేరు. ఇది అరుదైన రోగమని మేము చదువుకునే రోజుల్లో నేర్పేవారు. ఆ మాట ఇప్పుడు నిలవదు. రక్తపు పోటు ఉన్న ప్రతి వందమందిలో ఐదు నుంచి పదిమందికి, మందులకు లొంగని పోటు ఉన్నవారిలో ఇంచుమించు ఐదింట ఒకరికి మూల కారణం ఇదేనని తేలింది.

ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. ఒకే గ్రంథి చెడితే దాన్ని తీసెయ్యవచ్చు. రెండూ చెడితే ఒకదాన్ని తీసి లాభం లేదు. రెండోది తన పని తాను చేస్తూనే ఉంటుంది. అలాంటివారికి స్పైరొనొలాక్టోన్ వంటి మాత్రలే సరైన చికిత్స. కాబట్టి అసలు ప్రశ్న ఒక్కటే: ఒకటా, రెండా? ఒకటైతే ఏ పక్కది?

స్కాన్‌లో కనిపించిందిగా?

చాలామంది ఇదే అడుగుతారు. స్కాన్ గడ్డ ఆకారాన్ని చూపిస్తుంది గాని, ఆ గడ్డ హార్మోను తయారుచేస్తున్నదో లేదో చెప్పలేదు. వయసు పైబడేకొద్దీ ఏ పనీ చేయని గడ్డలు ఎడ్రినల్ గ్రంథులలో రావడం మామూలే. మరోపక్క, నిజంగా హార్మోను కుమ్మరించే గడ్డ స్కాన్‌కు అందనంత చిన్నదిగా ఉండవచ్చు. 950 మంది రోగుల వివరాలను కూర్చి 2009లో ప్రచురించిన ఒక సమీక్షలో, స్కాన్ చెప్పినదీ గ్రంథుల రక్తం చెప్పినదీ సుమారు 38 శాతం మందిలో పొసగలేదు. అంటే స్కాన్ ఒక్కటే చూసి కోస్తే కొందరికి మంచి గ్రంథి పోయి చెడ్డది మిగులుతుంది. మరికొందరికి మందులతో సరిపోయే దానికి వృథాగా కోత పడుతుంది.

నిజం చెప్పాలంటే ఈ విషయంలో వైద్యులందరిదీ ఒకే మాట కాదు. 200 మందితో జరిపి 2016లో ప్రచురించిన ఒక పరిశోధనలో, స్కాన్‌ను బట్టి వైద్యం పొందినవారికీ, రక్త పరీక్షను బట్టి పొందినవారికీ ఏడాది తర్వాత అవసరమైన పోటు మందులలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దాని మీద చర్చ చాలా జరిగింది. అయినా ఆపరేషన్ తలపెట్టినప్పుడు గ్రంథుల రక్తం చూడడమే ఈనాటికీ ఎక్కువమంది నిపుణుల సలహా. 35 ఏళ్ళ లోపు వయసు, బాగా పడిపోయిన పొటాషియం, ఆల్డోస్టిరోన్ మితిమీరి ఉండడం, స్కాన్‌లో ఒకే పక్క స్పష్టమైన గడ్డ, ఇవన్నీ కలిసిన వారికి మాత్రం మినహాయింపు ఇస్తారు. మీ వారికి 46 ఏళ్ళు. ఆ మినహాయింపు వర్తించదు.

పరీక్ష ఎలా చేస్తారు?

అమెరికాలో డాక్టర్ జేమ్స్ మెల్బీ, ఆయన సహచరులు 1967లో ఈ పద్ధతిని ప్రకటించారు. గజ్జలో మత్తు సూది వేసి, అక్కడి సిరలోకి సన్నని గొట్టం పంపుతారు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ, నడుము పైకి నడిపించి, ఒక్కొక్క ఎడ్రినల్ గ్రంథి నుంచి బయటికి వచ్చే సిర మొదట్లో గొట్టం మొన నిలిపి రక్తం తీస్తారు. పోల్చి చూడడానికి కింది మహాసిర నుంచి గాని, చేతి నుంచి గాని మరొక నమూనా తీస్తారు. చెప్పడానికి తేలికే. చెయ్యడంలోనే ఉంది కష్టమంతా.

ఎడమ ఎడ్రినల్ సిర కొంచెం పొడుగ్గా ఉండి, ఎడమ మూత్రపిండపు సిరలో కలుస్తుంది. దాన్ని పట్టుకోవడం అంత కష్టం కాదు. కుడి పక్కది పొట్టిది. పొడుగు ఒక సెంటీమీటరు ఉంటే గొప్ప. అది నేరుగా మహాసిర వెనకగోడలోకి వచ్చి చేరుతుంది. కాలేజం నుంచి వచ్చే చిన్న సిరలు కొన్ని దాని పక్కనే తెరుచుకుంటాయి. ఒకే రంగు తలుపులున్న వీధిలో చీకట్లో ఇల్లు వెతుక్కున్నట్టు ఉంటుంది. గొట్టం కాలేజపు సిరలో దూరినా, మహాసిరలోనే ఉండిపోయినా రక్తం వస్తుంది. చూడడానికి ఏ తేడా తెలియదు. పరీక్ష తప్పిపోయేది ఎక్కువగా ఈ కుడి పక్కనే. చేసే వారి అనుభవాన్ని బట్టి ఫలితంలో ఎంతో తేడా ఉంటుంది.

సాక్షి ఎవరు?

అయితే ఆ రక్తం నిజంగా గ్రంథి నుంచే వచ్చిందని తెలిసేదెలా? దానికొక సాక్షి ఉంది. దాని పేరు కార్టిజాల్. ఇదీ ఎడ్రినల్ హార్మోనే. మామూలుగా రెండు గ్రంథులూ దీన్ని ఇంచుమించు సమంగా తయారుచేస్తాయి. కాబట్టి గొట్టం సరైన చోట ఉంటే, ఆ రక్తంలో కార్టిజాల్ మహాసిరలో కంటె ఎన్నో రెట్లు ఉండి తీరాలి. గ్రంథిని ప్రేరేపించే సూది మందు ఇచ్చి చేసిన పరీక్షలో సాధారణంగా 5 రెట్లైనా, ఆ మందు ఇవ్వకుండా చేస్తే 2 రెట్లైనా ఉండాలంటారు. అంత లేకపోతే ఆ నమూనాను లెక్కలోకి తీసుకోకూడదు.

ఇప్పుడు మీ కాగితం చూద్దాం. ప్రేరేపించే మందు ఇచ్చే చేశారు. మహాసిరలో ఆల్డోస్టిరోన్ 40, కార్టిజాల్ 20. ఎడమ పక్క ఆల్డోస్టిరోన్ 2400, కార్టిజాల్ 400. కుడి పక్క ఆల్డోస్టిరోన్ 44, కార్టిజాల్ 22.

ఆల్డోస్టిరోన్ అంకెలు మాత్రమే చూసినవారికి 2400 ఎక్కడ, 44 ఎక్కడ అనిపిస్తుంది. మీ బంధువులకూ అలాగే అనిపించి ఉంటుంది. కాని కార్టిజాల్ చూడండి. ఎడమ పక్క 400, అంటే మహాసిరకు 20 రెట్లు. గొట్టం సరిగ్గా గ్రంథి సిరలోనే ఉంది. కుడి పక్క 22. మహాసిరలో ఉన్నది 20. రెండూ ఇంచుమించు ఒకటే. అంటే కుడి నమూనా అని రాసిన సీసాలో ఉన్నది కుడి గ్రంథి రక్తమే కాదు. ఆ 44 అనే అంకెకు కుడి గ్రంథితో సంబంధం లేదు.

మిగిలిన లెక్క కూడా చూద్దాం. ఎడమ పక్క ఆల్డోస్టిరోన్‌ను కార్టిజాల్‌తో భాగిస్తే 6. మహాసిరలో భాగిస్తే 2. ఎడమ గ్రంథి ఎక్కువ పని చేస్తోందన్న మాట నిజం. కుడి గ్రంథి ఊరుకుందా, అదీ ఇలాగే చేస్తోందా? దానికి ఈ కాగితంలో జవాబు లేదు.

నేను చేసిన పొరపాటు

మీ బంధువులను తప్పు పట్టడం లేదు. ఇదే పొరపాటు నేనూ చేశాను. కొన్నేళ్ళ క్రితం నా వైద్యంలో ఉన్న ఒక లెక్చరరు గారు ఇలాంటి కాగితమే తెచ్చారు. ఓ.పి.లో జనం కిటకిటలాడుతున్నారు. ఎడమ పక్క పెద్ద అంకె, కుడి పక్క చిన్న అంకె చూసి, "అదృష్టవంతులమ్మా, ఒకే పక్క ఉంది, తీసేస్తే సరి" అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆవిడ వెళ్ళాక, నా దగ్గర పని చేసే ఒక కుర్ర డాక్టరు కాగితం చేతిలోకి తీసుకుని, "సార్, కుడి కార్టిజాల్ చూశారా?" అని మెల్లగా అడిగాడు. చూడలేదు. అప్పటికప్పుడు మనిషిని పంపి ఆవిడను బస్‌స్టాండు నుంచి వెనక్కి పిలిపించాను. ఆ మాట వెనక్కి తీసుకోవడం నాకు ఎంత చిన్నతనంగా అనిపించిందో చెప్పలేను.

రెండు నెలల తర్వాత, ఈ పనిలో చెయ్యి తిరిగిన మరొక డాక్టరు చేత పరీక్ష మళ్ళీ చేయించాం. ఈసారి ఎడమ పక్క ఆల్డోస్టిరోన్ 2400, కార్టిజాల్ 400. కుడి పక్క ఆల్డోస్టిరోన్ 4000, కార్టిజాల్ 800. మహాసిరలో మీ వారి కాగితంలో లాగే 40, 20. ఈ అంకెలను పైపైన చూస్తే కుడి పక్కే ఎక్కువ అనిపిస్తుంది. అది ఇంకో వల. ఎడమ గ్రంథి సిరలో వేరే సిర రక్తం వచ్చి కలుస్తుంది. పాలలో నీళ్ళు కలిసినట్టు అక్కడి అంకెలన్నీ పలచబడతాయి. అందుకే ఆల్డోస్టిరోన్‌ను కార్టిజాల్‌తో భాగించి పోల్చాలి. ఎడమ 6, కుడి 5. రెండూ మహాసిరలోని 2 కంటె ఎక్కువే. ప్రేరేపించే మందు ఇచ్చినప్పుడు ఒక పక్క రెండో పక్కకు 4 రెట్లు దాటితే ఒకే పక్క జబ్బు అంటారు. 3 రెట్ల లోపు ఉంటే సాధారణంగా రెండు పక్కలా జబ్బు అనుకుంటారు. మధ్యలో వస్తే మిగతా ఆధారాలు చూడాలి. ఆవిడకు రెండు రెట్లు కూడా లేదు. రెండు గ్రంథులూ చెడ్డాయన్నమాట. ఆపరేషన్ మానేసి మాత్రలు మొదలుపెట్టాం. ఈనాడు ఆవిడ పోటు 130/80. ఆ కుర్ర డాక్టరు నోరు విప్పకపోయి ఉంటే ఆవిడ ఎడమ గ్రంథి వృథాగా పోయేది.

మరికొన్ని చిక్కులు

ఈ పరీక్ష ఇంకా కొన్ని విధాలుగా తప్పుదారి పట్టించవచ్చు.

మొదటిది మందులు. స్పైరొనొలాక్టోన్, ఎప్లెరెనోన్ వంటివి రెనిన్‌ను పెంచి, నిద్రపోతున్న మంచి గ్రంథిని కూడా మేల్కొలుపుతాయి. అప్పుడు రెండు పక్కలా తప్పు ఉన్నట్టు కనబడవచ్చు. అందువల్ల వీటిని సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల ముందు ఆపించి, వెరాపమిల్, డాక్సజోసిన్ వంటి మందులు ఇస్తారు. ఈ మార్పు డాక్టరే చెయ్యాలి. ఎవరో చెప్పారని పోటు మాత్రలు మీ అంతట మీరు మానేస్తే పక్షవాతం కొని తెచ్చుకున్నట్టే.

రెండోది పొటాషియం. అది బాగా తగ్గి ఉంటే చెడ్డ గ్రంథి కూడా ఆల్డోస్టిరోన్ తక్కువ చేస్తుంది. పరీక్షకు ముందే దాన్ని సరిచెయ్యాలి. అలాగే మంచిదే కదా అని పరీక్షల ముందు ఉప్పు ఒక్కసారిగా మానేస్తే రెనిన్ లెక్కలు తారుమారవుతాయి. తగ్గించాలో వద్దో డాక్టరునే అడగండి.

మూడోది కాలం. కార్టిజాల్ రోజంతా ఒకే తీరున రాదు, కెరటాలుగా వస్తుంది. భయం, నొప్పి కూడా దాన్ని పెంచుతాయి. ఒక పక్క తీసిన పావుగంటకు రెండో పక్క తీస్తే పోలిక చెడుతుంది. అందుకే కొన్నిచోట్ల రెండు పక్కలా ఒకేసారి తీస్తారు. మరికొన్ని చోట్ల ప్రేరేపించే మందును ధారగా ఎక్కిస్తూ తీస్తారు.

నాలుగోది సాక్షి స్వభావం. కొన్ని గడ్డలు ఆల్డోస్టిరోన్‌తో పాటు కార్టిజాల్‌ను కూడా అధికంగా చేస్తాయి. అప్పుడు సాక్షే ఒక పక్షం వహించినట్టవుతుంది, భాగహారం పనికిరాదు. ఈ అనుమానం తీర్చడానికి రాత్రి ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర ఇచ్చి, ఉదయం కార్టిజాల్ చూస్తారు. అవసరమైతే వేరే హార్మోనును సాక్షిగా పెట్టుకుంటారు.

ఐదోది లేబరేటరీ. సీసాల మీద ఎడమ, కుడి చీటీలు తారుమారైతే ఎంత నైపుణ్యమూ నిష్ఫలం. గ్రంథి రక్తంలో కార్టిజాల్ యంత్రం కొలవగలిగిన హద్దు దాటిపోతుంది. దాన్ని పలచన చేసి మళ్ళీ కొలవాలి. కొన్ని ఆసుపత్రులలో రోగి బల్ల మీద ఉండగానే కార్టిజాల్ చూసి, తప్పితే అప్పుడే మళ్ళీ ప్రయత్నిస్తారు. వీలుంటే అలాంటి చోటే చేయించుకోవడం మేలు.

ప్రమాదం లేదా అంటారా? ఈ సిరలు పలచనివి. డై మందును గట్టిగా తోస్తే చిట్లి, గ్రంథిలోకి రక్తం పారవచ్చు. అనుభవజ్ఞుల చేతిలో ఇది నూటికి ఒకరికి మించదు. పరీక్ష అయ్యాక నడుములో గాని, కడుపులో గాని నొప్పి ఎక్కువైతే వెంటనే చెప్పాలి.

మీరు అడగవలసినవి

ఈ పరీక్ష కాగితం చేతికి వచ్చినప్పుడు నిస్సంకోచంగా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకటి, రెండు పక్కలా గొట్టం సరైన చోటికి వెళ్ళిందా, కార్టిజాల్ ఎన్ని రెట్లు ఉంది? రెండు, ప్రేరేపించే మందు ఇచ్చారా, లేదా? మూడు, భాగించిన తర్వాత రెండు పక్కల మధ్య తేడా ఎన్ని రెట్లు? నాలుగు, పరీక్ష నాటికి పొటాషియం ఎంత, ఏయే మందులు వాడుతున్నారు?

మళ్ళీ చేయించుకునే స్తోమత గాని, ఓపిక గాని లేకపోతే దారి మూసుకుపోలేదు. మాత్రలతో కూడా ఈ జబ్బును బాగా అదుపులో పెట్టవచ్చు. స్పైరొనొలాక్టోన్ చవక మందే. మగవారిలో కొందరికి రొమ్ములు పొంగి నొప్పి పుట్టవచ్చు. అప్పుడు ఎప్లెరెనోన్‌కు మారవచ్చు. గర్భిణులు, గర్భం ఆశించేవారు స్పైరొనొలాక్టోన్ వాడకూడదు. ఈ మాత్రలు వేసుకునేవారు పొటాషియం, మూత్రపిండాల పరీక్షలు అప్పుడప్పుడు చేయించుకోవాలి. పొటాషియం తగ్గిందని ఒకప్పుడు చెప్పారు గనుక ఇప్పుడూ రోజుకు నాలుగు కొబ్బరిబొండాలు తాగుతాననడం ప్రమాదం. ఊరగాయల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఈ జబ్బులో ఉప్పు చేసే హాని రెండింతలు.

ఆపరేషన్ మీద కూడా అతిగా ఆశ పెట్టుకోకండి. 2017లో ప్రచురించిన 705 మంది వివరాలలో, సరిగా ఎంచి ఒక గ్రంథిని తీసిన తర్వాత 94 శాతం మందికి హార్మోను పూర్తిగా అదుపులోకి వచ్చింది. కాని మందులన్నీ మానేసి పోటు మామూలుగా ఉన్నవారు 37 శాతమే. మిగిలిన వారిలో ఎక్కువమందికి పోటో, మందులో తగ్గాయి. ఎక్కువకాలం పోటు ఉన్నవారి రక్తనాళాలు అప్పటికే గట్టిపడి ఉంటాయి మరి.

పాఠకులందరికీ ఒక మాట. మూడు మందులు వాడినా పోటు దిగనివారు, పొటాషియం తగ్గినవారు, ఎడ్రినల్‌లో గడ్డ ఉందని స్కాన్‌లో తేలినవారు, ఇంట్లో ఎవరికైనా 40 ఏళ్ళ లోపే పోటో పక్షవాతమో వచ్చినవారు ఒకసారి ఆల్డోస్టిరోన్, రెనిన్ పరీక్ష గురించి డాక్టరును అడగండి. పోటు ఉన్న ప్రతివారికీ ఒకసారి చూడడం మేలని 2025లో అమెరికా హార్మోను నిపుణుల సంఘం సూచించింది. దగ్గుకని అతిమధురం ఎడాపెడా నమిలేవారు ఆ సంగతి కూడా చెప్పాలి. అది కూడా పోటు పెంచి పొటాషియం తగ్గిస్తుంది. రెనిన్, ఆల్డోస్టిరోన్ రెండూ తక్కువగా చూపిస్తుంది.

సోదరీ, మీ పరీక్ష కాగితం అడుగున "కుడి పక్క నమూనా సంతృప్తికరంగా లేదు" అని రాసిన డాక్టరు మీద కోపం పెట్టుకోకండి. తప్పిన చోట తప్పిందని రాయడమే ఆయన మీకు చేసిన మేలు. ఆ వాక్యం లేకపోతే ఈపాటికి మీ వారు ఆపరేషన్ బల్ల మీద ఉండేవారు. ఆ కాగితం తీసుకుని ఆయన దగ్గరకే వెళ్ళండి. మళ్ళీ ప్రయత్నిద్దామా, మాత్రలతో సరిపెడదామా అని కూర్చుని మాట్లాడండి. అందాకా పొటాషియం, పోటు మందులు ఒక్క పూట కూడా మానకుండా చూసుకోండి. ఈ జబ్బు ఆరేళ్ళ నుంచి ఉన్నదే. ఇంకో నెలా రెండు నెలలు జాగ్రత్తగా ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంది. తీసేసిన గ్రంథిని మాత్రం తిరిగి పెట్టలేం.